విమానానికి జెండా చూపినాయన

మా మావయ్యగారికి ఒకే ఒక్క కథ ఉండేది. తన పెళ్ళికి ముందు, వరికి దోమపోటు సోకిన ఏడు, ప్రభుత్వం వాళ్ళు చిన్న విమానంతో చేల మీద పురుగుమందు చల్లించారట. పైలట్‌కి వరస తెలియడానికి చేలో ఒక మనిషి తెల్లజెండా పట్టుకుని నిలబడాలి. విమానం సూటిగా ఆ మనిషి మీదికే వస్తుంది. తల మీదుగా దాటిపోగానే అతను పన్నెండు అడుగులు పక్కకు జరిగి మళ్ళీ జెండా ఎత్తాలి. ఆ మనిషి తానేనంటారు ఆయన.

ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. భోజనాల దగ్గర ఆయన మొదలుపెట్టగానే అత్తయ్యగారు నాతో, "విమానం వచ్చేస్తోంది, పెరుగు మీద మూత పెట్టమ్మా" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. కొత్త కోడలిగా అత్తగారి పక్షాన ఉండడం మంచిదనుకుని నవ్వాను, తర్వాత అలవాటైపోయింది. ఈమధ్య ఆయన ఆ కథ చెప్పడమే మానేశారు. అది నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

రాజమండ్రి దగ్గర మధురపూడిలో పాతకాలపు విమానాలు ఎగరేస్తున్నారని తెలిసి ఇద్దర్నీ నేనే బయల్దేరదీశాను. రావులపాలెం దాటేదాకా అత్తయ్యగారు చలి గురించి సణుగుతూనే ఉన్నారు.

మైదానంలో ఇంకా మంచు విడలేదు. జనం మాటలు కూడా దూదిలోంచి వినబడుతున్నట్టున్నాయి. ఆ మసకలోంచి పసుపురంగు విమానం ఒకటి, పైనొక రెక్క, కిందొక రెక్క, తొందరేమీ లేనట్టు తేలుతూ వచ్చింది. అంత పాతది గాలిలో నిలబడుతోందంటేనే వింతగా ఉంది. ఎక్కడున్నానో కాసేపు మర్చిపోయాను.

"మాది ఇది కాదమ్మా. దీనికి పిన్ని కూతురవుతుందేమో" అన్నారు మావయ్యగారు నెమ్మదిగా.

విమానం మా తలల మీదుగా దాటింది. అందరూ మెడలు తిప్పి దాని వెనకే చూశారు. ఆయన చూడలేదు, పక్కకు జరగడం మొదలుపెట్టారు. పెదవుల మీద లెక్క కనబడుతోంది. పన్నెండు దగ్గర ఆగి, భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా పైకెత్తారు. విమానం తిరిగొచ్చి మళ్ళీ దాటింది. మళ్ళీ పన్నెండు. మనుషులు తగులుతున్నా, ఎవరో విసుక్కున్నా ఆయనకు తెలియడంలేదు. పొడి నేల మీద కూడా మోకాళ్ళెత్తి, బురదచేలో నడిచినట్టు నడుస్తున్నారు. అలాంటి నడక ఎవరూ కల్పించలేరు.

సిగ్గుతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అత్తయ్యగారి వైపు చూడాలంటే భయమేసింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు.

"ఈసారి నేనూ జరుగుతానండి. ఎటో చెప్పండి."

ఆయన తూర్పు వైపు చూపించారు. ఇద్దరూ కదిలారు. జనం ముందుకు రాకుండా కట్టిన తాడు దగ్గర కాపలా ఉన్నతను గబగబా వచ్చి, ఇలా అడ్డంగా తిరగకూడదని, పెద్దాయన్ని కూర్చోబెట్టమని నాతో చెప్పాడు.

నేను అతనికీ వాళ్ళకీ మధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"కాసేపు ఆగండి. మావయ్యగారు పనిలో ఉన్నారు" అన్నాను.