నగరిలో మరమగ్గాలు ఆగిన ఇరవై నిమిషాలు

టీవీలో డబ్బింగ్ తెలుగు మాట్లాడే ఒక అమెరికా నటుడంటే చిన్నప్పటి నుంచి నాకు పిచ్చి. కార్ల మెకానిక్‌గా మొదలై, కొట్లాట సినిమాలతో పైకొచ్చి, నడుం విరిగి ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని, తండ్రి పాత్రలతో మళ్ళీ నిలబడ్డవాడు. ఇక ఇదే చివరి సినిమా అని ఈమధ్య ప్రకటించాడు. ఉండబట్టలేక ఆయన తెలుగు గొంతు ఎవరిదని ఆరా తీస్తే, మునిరత్నం గారిదట, ఉండేది నగరిలోనట. మా తిరుపతి పక్కనే! ఫోన్ చేసి, పొద్దున ఎనిమిదిన్నర బస్సెక్కాను. పుత్తూరు మీదుగా రెండు గంటల్లోపే దిగాను, టికెట్టు వంద లోపే. "ఇంగ్లీషోళ్ళకు గొంతిచ్చే మునిరత్నమన్న ఇల్లే కదా, ఎక్కప్పా," అన్నాడు ఆటో అతను, నేను చిరునామా చెప్పకముందే.

మునిరత్నం గారికి అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా చెన్నై వెళ్ళి డబ్బింగ్ చెప్పి వస్తున్నారు. "ఆయప్ప, అదే మీ హీరో, వయసులో ఉన్నప్పుడు అన్నీ అరుపులే, నా గొంతు పుండయ్యేది. నడుం విరిగినాక మాటకు ముందర చిన్న ఊపిరి తీసుకునేది మొదలుపెట్టినాడు. నేనూ ఆడ ఊపిరి తీసుకునేది నేర్చుకుంటి," అన్నారు. కానీ ఈసారి మీ గొంతు ముసలిదైంది, శాంపిల్ పంపండి, బాగుంటేనే చివరి సినిమా మీకు, అన్నారట స్టూడియోవాళ్ళు. గడువు ఆరోజు సాయంత్రం ఐదు. "మొదట్నించీ నేనే మోసినాను. కడకు ఇంకొకడి గొంతుతో పోతే నాకు నిద్ర పట్టదప్పా."

చిక్కేమిటంటే ఇంటికి రెండు పక్కలా మరమగ్గాలే, ఒకటే చప్పుడు. ఇంట్లో ఏదైనా రికార్డు చెయ్యాలంటే ఆయన కరెంటు కోత కోసం కాచుకుంటారు. ఆరోజు పన్నెండుకు తీస్తామన్న కరెంటు తియ్యలేదు. సాంబారన్నం, మామిడికాయ ఊరగాయతో భోంచేశాం. మూడైంది, నాలుగైంది. కరెంటు పోలేదని తిట్టుకోవడం నా జన్మలో అదే మొదలు.

పక్కింటి శాంతమ్మ తొంగిచూసి, "ఇంకా చెప్పలేదా అన్నా?" అంది. ఆయన గోడవైపు చెయ్యి చూపించారు. ఆమె వెనక్కి తిరిగి మగ్గాలవైపు వెళ్ళింది. కాసేపటికి ఒక మగ్గం ఆగింది, తర్వాత ఇంకొకటి, ఆఖరికి వీధంతా. సావుకు తప్ప ఇట్ల ఆపరు, అన్నారు మునిరత్నం గారి భార్య మెల్లగా. మీటరు లెక్కన నేసేవాళ్ళకు ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే.

గొంతు గదిలో మోగకుండా ఆయన తలమీద దుప్పటి కప్పుకుని ఫోనులోకి చెప్పారు. ఇక కారు నడపలేనని ముసలి తండ్రి కూతురితో ఒప్పుకునే ఘట్టం. అయ్యాక, ఇన్నేళ్ళుగా కరెంటు పోయినప్పుడల్లా ఆయన డైలాగులు వింటున్న శాంతమ్మ గుమ్మంలోంచి, "కడాన తొందరపడినావన్నా. ఆయప్ప అట్ల ముగించడు," అంది. ఆయన మళ్ళీ దుప్పటి కప్పుకుని చెప్పారు. ఈసారి నా కళ్ళు తడిశాయి. నాలుగూ నలభైకి పంపించాం. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి.

నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు ఆయన ఫోను మోగింది. విని, జేబులో పెట్టుకుని, "సోమవారం డబ్బింగుకు చెన్నై రమ్మన్నారు," అన్నారు. నేను సంబరంగా చెయ్యి పట్టుకున్నాను. ఆయన మాత్రం ఇంటివైపు తిరిగి, "శాంతమ్మకు చెప్పిరావల్ల, నువ్వెక్కప్పా," అని గబగబా వెళ్ళిపోయారు.

ఒక నటుడి బతుకంతా నాకు తెలుసని గర్వపడేవాణ్ణి. అందులో మా భాషకు వచ్చిన సగం నగరి వీధిలో, ఇంతమంది చెవుల మధ్య గడిచిందని ఇప్పుడే తెలిసింది. తిరుగు ప్రయాణంలో కడుపు నిండిన తృప్తి. మీరూ వెళ్తే పని జరిగే పగటిపూటే మగ్గాల వీధికి వెళ్ళండి. మాట వినబడకపోతే గట్టిగా అరిచి మాట్లాడండి, ఆపమని మాత్రం అడక్కండి. ఎవరికోసం ఆపాలో వాళ్ళకు తెలుసు.