ఎదగని ముళైప్పారి

మదురైలో ఒక ఆసుపత్రి వార్డులో ఆయా పని చేసే ధనభాగ్యానికి ఏడాదంతా ఒకటే ఆశ. అమ్మవారి పండగనాడు వీధి ఆడవాళ్ళతో కలిసి మొలకల కుండ, ముళైప్పారి, తలకెత్తుకొని ఊరేగింపులో నడవాలి. మగడు పోయాక పెళ్ళిపందిళ్ళలో ఆమెను వెనక్కి జరిపారు గాని, ఈ వరసలోంచి మాత్రం ఎవరూ తప్పించలేదు.

నవధాన్యాలు చల్లిన కుండలన్నీ గుడి పక్కన చీకటి గదిలో మొలకెత్తుతాయి. ఇంట్లో కుత్తం ఉంటే మొలక ఎదగదని పెద్దల మాట. కుత్తమంటే తప్పు కావచ్చు, చావు మైల కావచ్చు. కుత్తమున్న ఇంటివాళ్ళు కుండ ఎత్తకూడదు. ఈసారి తలుపు తీసేసరికి అందరి మొలకలూ జానెడు దాటాయి. ధనభాగ్యం కుండలో మాత్రం చోటుచోట కుళ్ళి, నేలబారుగా ఉన్నాయి.

అందరి చూపూ ఆమె కూతురు ఆనంది మీదికి పోయింది. ఆనంది ఎక్కడో దూరాన తుడియలూరులో పంపులు పరీక్షించే పని చేస్తుంది, హాస్టల్లో ఉంటుంది, పెళ్ళి మాటెత్తితే నవ్వేస్తుంది. వీధికి అంత చాలు.

ఇంటికొచ్చి కూలబడిన తల్లికి, పండగకని వచ్చిన ఆనంది కాఫీ ఇచ్చింది.

"ఊరికే ఏడవద్దు మా. మోటారు కాలిపోతే పంపు తిరగదు. అట్టని తిరగని పంపులన్నిటికీ మోటారు కాలిందంటారా? కరెంటే లేకపోయిండొచ్చు. నీ కుండమీద కప్పులోంచి నీళ్ళు కారినాయేమో, ఎవురు చూసినారు?"

"అట్టయితే పెద్దోళ్ళ మాట అబద్ధమా?"

"అది వేరే సంగతి. కాలిన మోటారుతో ఒక్క పంపు తిరిగినా చాలు, ఆ మాట అబద్ధమని తేలిపోతాది."

ధనభాగ్యం దారంతా ఆ మాటలు తన వార్డు భాషలోకి తిప్పుకుంటూ గుడికి పోయింది. ఊరేగింపు పెద్ద గోవిందన్ మెట్టుమీద కూర్చుని ఆకువక్క నములుతున్నాడు.

"గోవిందన్నా, టైఫాయిడ్ వస్తే జొరం వస్తాది. జొరమొచ్చినోళ్ళందరికీ టైఫాయిడేనా? కుత్తముంటే మొలక ఎదగదు, సరి. ఎదగలేదని కుత్తముందంటే ఎట్ట?"

ఆయన వక్క ఉమ్మేసి తలూపాడు. "నువ్వు చెప్పేది కరెక్టేమా. నీ ఇంట్లో కుత్తముందని నేను చెప్పలేను."

"అదే గదన్నా నేననేది."

"లేదని నువ్వూ చెప్పలేవు గదా. జొరమైతే రగతం తీసి చూస్తారు. దీనికేం టెస్టు పెడతావు? ఈ ఏడు చూస్తా ఉండు. వచ్చే ఏడు ఎత్తుదువు."

అర్థం కాక అని ఉంటే ఆమెకింత మండేది కాదు. అర్థం చేసుకునే అన్నాడు.

ఆయన వెనక రామాయి తన కుండకు పూలు చుడుతోంది. మొలకలు ఏపుగా, ఒత్తుగా ఉన్నాయి. కుండల్లో విత్తులు చల్లిన మర్నాడే రామాయి మరిది ధనభాగ్యం వార్డులోనే కన్నుమూశాడు. అన్నదమ్ములకు పడక పళనిలో వేరే ఉండేవాడు. శవం అటునుంచి అటే పళనికి పోయింది. "మొక్కుంది వదినే, పండగయ్యేదాకా ఎవురికీ చెప్పొద్దు" అని రామాయి చేతులు పట్టుకుంది. నిండు మైలలో ఉన్న ఇంటి కుండ, వీధిలోకెల్లా ఎత్తుగా ఎదిగింది.

కాలిన మోటారుతో తిరిగిన పంపు కళ్ళెదుటే ఉంది. ఒక్క మాటంటే చాలు. ధనభాగ్యం నోరు తెరిచింది. రామాయి చేతిలో దారం ఆగిపోయింది.

చెబితే వీళ్ళు వదిలేది పెద్దల మాటను కాదు, రామాయిని. ఆ సంగతి ధనభాగ్యానికి ఏ లెక్కా లేకుండానే తెలుసు. నోరు మూసుకొని వెనక్కి తిరిగింది.

"చెప్పినావా మా? అర్థం కాలేదా వాళ్ళకి?" అనడిగింది ఆనంది.

"బాగా అర్థమైంది. అదే నా కడుపుమంట."

సాయంత్రం మేళంతో ఊరేగింపు వీధి మలుపు తిరిగింది. ధనభాగ్యం గడపలో నిలబడి చూసింది. వరసలో రామాయి కుండే అందరికంటే పైన ఊగుతోంది.

"చూసినావా ధనం, ఏం మొలిచిందో. ఆ ఇల్లు అంత సుద్దం" అంది పక్కింటి ముత్తులక్ష్మి.



"అవునక్కా" అంది ధనభాగ్యం.