వంత పలికేవాడు

మా దర్శకుడు తీయబోయే సినిమాలో పది నిమిషాల సన్నివేశానికి గొర్రెల కాపరులు తమ దేవుడి మీద పాడే ఒగ్గు కథలోని కరువు ఘట్టం కావాల్సి వచ్చింది. కథ చెప్పే పెద్దాయనను ఫిలింనగర్‌లోని మా ఆఫీసుకు పిలిపించారు. ఆయన చెబుతుంటే రాసుకుని, సాయంత్రానికి కాగితం ఇవ్వడం మాటల రచయితగా నా పని.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, కరువు దగ్గర మొదలుపెట్టమన్నాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ ఆగాడు. దర్శకుడు గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. నేను కూర్చోలేక కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను.

"నడిమిట్లకెల్లి రాదు సార్," అన్నాడు చివరికి. "వంత పలికే మా తమ్ముడు పోయిండు. ఎవలన్న జవాబియ్యకుంటే కథ నోట్లెకు రాదు."

ఆయనకు చదువు రాదు. పన్నెండేళ్లు మేనమామ వెనక నిలబడి వంత పలుకుతూనే కథంతా నేర్చుకున్నాడట. దిక్కుతోచక, నేను పలుకుతానన్నాను. ఎక్కడ ఏమనాలో చెప్పి, లేచి నిలబడమన్నాడు.

అప్పుడు కథ కదిలింది. కానీ కరువు కన్నా ముందు గొర్రెల రోగాలు వచ్చాయి. ఏ రోగం తగిలితే గొర్రె ఎలా నడుస్తుందో, ఏ ఆకు నూరి పోయాలో, ఎండాకాలంలో ఏ గుట్ట వెనక నీళ్లుంటాయో పాడుతూనే ఉన్నాడు. అరగంటైనా తెమల్లేదు. ఇది వదిలేద్దామా అని అడిగాను.

"ఇది ఇడిస్తే గొర్లు సస్తయి సార్."

కోపంగా అనలేదు. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు. సిగ్గేసి, మళ్లీ వంత అందుకున్నాను.

కాగితం మర్నాడు గానీ ఇవ్వలేకపోయాను. దర్శకుడు రోగాలన్నీ కొట్టేసి కరువు మాత్రం ఉంచాడు. వాదించాను, వినలేదు. ఆ తర్వాత నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు. పెద్దాయన మోతీనగర్‌లో కూతురింట్లో ఉంటున్నాడని తెలిసి, ఆదివారాలు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. రాసుకుంటానంటే వద్దంటాడు. పలుకుతూ ఉంటే అదే వస్తుందంటాడు.

మొన్న వాళ్ల బస్తీలో కథ పెట్టారు. ఆయన వెనక నిలబడ్డాను. దేవుడి పెళ్లి ఘట్టంలో నా వంత తప్పింది. ఒక్క మాటా గుర్తు రాలేదు. ముందు కూర్చున్న ముసలమ్మ, ఒళ్లో పిల్లను జోకొడుతూనే, నేను పలకాల్సింది పలికింది. పక్కనున్న ఇద్దరు గొంతు కలిపారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తరువాతి చరణం ఎత్తుకున్నాడు.