మేనత్త మీద కప్పిన చీరలు

పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. జల్ది రా," అన్నాడు. కాసేపు ఏడుపు ఆపుకున్నాడు. మళ్ళీ అన్నాడు, "చీర మాత్రం కాటన్‌దే తే. అందరికి గదే చెప్తున్న."

తల్లి పోయిన గంటలోనే చీర సంగతి మాట్లాడే కొడుకు ఉంటాడా అని మీకు అనిపించవచ్చు. మా మేనత్తను ఎరిగినవాళ్ళకు అనిపించదు. ఆఖరి కొన్నేళ్ళలో ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే. "నేను సచ్చినంక నా మీద మిక్స్ చీరెలు కప్పకుండ్రి. నూలుదైతె కప్పుండ్రి, లేకుంటె ఉత్తగనే పండవెట్టుండ్రి." పెళ్ళిళ్ళలో చెప్పేది, పంక్తిలో అన్నం తింటూ చెప్పేది, దవాఖానలో మంచం మీద కూడా చెప్పింది. "ముందుగాల గోలీ వేస్కో అత్తమ్మా," అని నేను కసురుకునేదాన్ని.

మా వైపు ఎవరైనా పోతే దగ్గరివాళ్ళందరూ కొత్త బట్ట తెచ్చి మీద కప్పుతారు. ఆడమనిషికి చీర. అందులో మొదటిది పుట్టింటివాళ్ళది. మా బాపు ఎప్పుడో పోయాడు కాబట్టి మేనత్తకు పుట్టిల్లంటే నేనే. అంటే ఆమె అడిగిన ఆ ఒక్క పని ముందుగా చేయాల్సింది నేను.

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక గల్లీలో ఉండేది ఆమె. బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో కుట్లు వేసుకుంటూ పోవడం ఆమె పని. అందరూ చీరల మధ్య చీరలే పెడితే, ఈమె మధ్యలో చిరిగిన గొంగడి పరిచేది. బయట నూలు, లోపల ఉన్ని. ఎండాకాలం ఒంటికి అంటుకునేది కాదు, చలికాలం వదలబుద్ధి అయ్యేది కాదు. "నూలు చెట్టుది, ఉన్ని గొర్రెది. రెండు గలిస్తె కొట్లాడుకోవు. నూలుల ప్లాస్టిక్ గలిపితేనే పంచాది," అనేది. పాలిస్టర్‌కు ఆమె పెట్టిన పేరు ప్లాస్టిక్, అది కలిసిన బట్ట మిక్స్.

బొంత ఇక పనికి రాదనుకున్నప్పుడు పెరట్లో జామచెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చేది. రెండు వానాకాలాలు పోయాక తవ్వితే మట్టి తప్ప ఏమీ దొరికేది కాదు. ఒకసారి మాత్రం దొరికింది. చీరలు పోయాయి, గొంగడి పోయింది, కుట్లు మాత్రం మిగిలాయి. వరుసలు వరుసలుగా దారం, ఇవాళే కుట్టినట్టు గట్టిగా. ఆ దారాన్ని మట్టితో సహా చేతికి చుట్టుకుని బజారుకు పోయింది. దారం అమ్మిన దుకాణం ముందు నిలబడి, "నా బొంత కన్న నీ దారం ఎక్కువ బత్కింది. నూలు దారమని అమ్మినవ్ గదరా! ఏందిది?" అని అరిచింది. అతను బిత్తరపోయాడు. అతనికీ తెలియదు పాపం, వచ్చింది వచ్చినట్టు అమ్మాడు. ఆ రోజు నుంచి దారపు పోగు తీసి కాల్చి చూడకుండా ఏదీ కొనలేదు ఆమె. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన. ప్లాస్టిక్ కలిసిందైతే ముడుచుకుని, నల్లటి పూసలా గట్టిపడుతుంది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నాకూ నేర్పింది.

ఆమెను దేవత చేయాలని నాకు లేదు. మనిషి ఒట్టి కయ్యాలమారి. పెళ్ళికి పోతే అడగకుండానే వియ్యపురాలి కొంగు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి, "మిక్స్," అని తీర్పు చెప్పేది. నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఒకసారి సాగర్ రోడ్డు బస్సులో ముందు సీటు ఆవిడ పైట పట్టుకుంది. ఆవిడ గొలుసు దొంగ అనుకుని బస్సంతా మీదికి తెచ్చింది. దిగాక నేను తిడితే, "చెమటకు దాని మెడంత పొక్కులొచ్చినయే. పైసలు వెట్టి కొనుక్కుంటున్నరు," అంది. ఆ చీర ఎవరిదో, ఆ పొక్కులు ఎవరివో. ఆమెకు అక్కర్లేనిది లేదు.

ఎదురు మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. "పత్తికి మాత్రం మందులు కొట్టరా? నీళ్ళు తాగదా?" అని బావే అడిగాడొకసారి. "కొడ్తరు. గదీ తప్పే," అని ఒప్పుకుంది. "గని పత్తిబట్టకు సావుంటది బిడ్డా. దీనికి లేదు."

తర్వాత తర్వాత పని తగ్గిపోయింది. చుట్టూ మేత భూములన్నీ వెంచర్లయ్యాయి. హద్దురాళ్ళ మధ్య గొర్రెలు ఏం మేస్తాయి? మందలు అమ్ముకున్నారు, ఉన్ని పోయింది. పాత గొంగళ్ళు కూడా దొరకలేదు. ఇక చీరలు. బొంతకని జనం తెచ్చిన మూటలు విప్పి, వేళ్ళతో చూసి, ఒక్కొక్కటే పక్కకు వేసేది. చివరికి మూటకు మూటే తిరిగి ఇచ్చేసేది. ఒక పిల్ల చనిపోయిన వాళ్ళమ్మ చీరలు తెచ్చింది, పుట్టిన బిడ్డకు బొంత కుట్టమని. అన్నీ మిక్సే. కుట్టనంది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయి, మళ్ళీ ఈ గల్లీలో అడుగు పెట్టలేదు. "కుట్టి ఇస్తే పోయేది గదా," అన్నాను. మేనత్త సూది పక్కన పెట్టేసింది. "అది ఏడుస్తె నాకు మంచిగనిపిచ్చిందానే? పసిపోరని ఒంటికి ప్లాస్టిక్ చుట్టి ఇయ్యాల్నా?" అంది. ఆ పూట అన్నం తినలేదు. నాకు ఆమె మీద కోపం, జాలి, రెండూ వచ్చాయి.

పక్కింటి అక్క చేపలు అమ్ముతుంది. వాళ్ళాయన పెద్ద చెరువులో వల వేస్తాడు. సాయంత్రాలు వీళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని ఒకే పాట పాడేవారు. "వలకు చేపల కన్న చీరెలే ఎక్కువ తగుల్తున్నయ్ పెద్దమ్మా. ఎన్నేండ్ల కిందియో, రంగు గూడ పోలే," అనేది అక్క. వాళ్ళ మాటల్ని నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు.

సరే, బావ ఫోన్ వచ్చింది కదా. బజారులో బట్టల దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తుతున్నారు. సంగతి చెప్పాను. దుకాణం అతను లోపలి నుంచి ఒక చీర తెచ్చాడు. నేచురల్ బ్లెండ్ అని అట్టముక్క, దాని మీద ఆకుపచ్చటి ఆకు బొమ్మ. "నూలు, నార కలిపి నేసింది మేడమ్. భూమిల కలిసిపోతది," అన్నాడు. పోగు కాల్చి చూడాలని ఆ తొందరలో తట్టలేదు, చెప్పిన ధర ఇచ్చి ఆటో ఎక్కాను. మేనత్త అడిగింది చేస్తున్నానని దారిపొడుగునా కాస్త ధైర్యంగానే ఉంది.

నేను పోయేసరికి అందరూ వచ్చారు. ఎవరిని చూసినా, "కాటన్‌దే తెచ్చిన," అనే. పెద్ద అంబర్‌పేట్ నుంచి వచ్చినవాళ్ళు మూడు దుకాణాలు తిరిగారట. బావ ముఖంలో ఆ దుఃఖంలోనూ ఒక నిమ్మళం. నేను మొదటి చీర కప్పాను, దాని మీద మిగతావాళ్ళు తమవి కప్పారు. నా చీర మడత సర్దుతుంటే వేలికి జారుడుగా తగిలింది. ఏదోలా అనిపించింది. అంచు దగ్గర వేలాడుతున్న పోగు లాగి, తలాపున వెలుగుతున్న దీపానికి పెట్టాను.

ముడుచుకుని పూసయింది.

ఆమె ముఖం చూడలేకపోయాను. పక్క చీర పోగు లాగాను. పూస. ఇంకొకటి. పూస. "శవం ముందట గీ పరీక్షలేందమ్మా?" అని కులపెద్ద గద్దించాడు. బావ వచ్చి నా చేతిలోంచి పోగు తీసుకుని తనే కాల్చి చూశాడు. "అన్నీ గట్లనేనా?" అన్నాడు చిన్నగా. ఎవరిని తిడతాం? అందరూ అడిగే కొన్నారు, ఎక్కువ పెట్టే కొన్నారు.

అప్పుడు చేపల అక్క పక్కనే ఉన్న తన ఇంట్లోకి పోయి ఒక బొంత తెచ్చింది. మేనత్త కుట్టిందే, నూలూ ఉన్నీ కలిపింది. "గిది కప్పుండ్రి. గీడ అసలు బట్ట గిదొక్కటే ఉన్నది," అంది. కులపెద్ద తల అడ్డంగా ఊపాడు. "వాడిన బట్ట పీనుగ మీద ఎట్ల కప్పుతరు? కొత్తదే కప్పాలె."

"అయితే అన్నీ తీసేయండి. ఉత్తగనే పండబెట్టమని ఆమే చెప్పింది," అన్నాను. గొంతు లేచింది.

"పుట్టింటోళ్ళు చీర గూడ పెట్టలేదంటరు. నీకేగాదు, మాకూ ఇజ్జత్ పోతది," అన్నాడు.

నేను బావ వైపు చూశాను. ఒక్క మాట అంటాడనుకున్నాను. తల వంచుకున్నాడు. ఆ వంచిన తలను నేను ఇప్పటికీ క్షమించలేదు. అక్క బొంత మడిచి చంక కింద పెట్టుకుంది. "ఉండనియ్యుండ్రి. నేను పోయిన్నాడు నా మీద కప్పుకుంట. గప్పుడు ఎవ్వడు అడ్డమొస్తడో చూస్త," అని విసురుగా వెళ్ళిపోయింది.

చెరువు పక్కన పూడ్చాం. గుంత దగ్గర మిగతా చీరలన్నీ తీసి, ఆనవాయితీ ప్రకారం తుమ్మకంప మీద పడేశారు. పుట్టింటి చీర మాత్రం తీయలేదు. అది ఆమెతోనే పోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఆకుబొమ్మ అట్టముక్క నా సంచిలోనే ఉంది. నలిపి పారేశాను. మీరు ఈసారి చీర కొనేటప్పుడు ఒక పోగు కాల్చి చూడండని చెప్పడానికి ఇది రాయడం లేదు. చూసినా చేయగలిగేది ఏముంటుందో నాకు తెలియదు. ఒక మనిషి చచ్చాక కప్పమని అడిగింది ఒక గజం నిజమైన బట్ట. ఇంత బజారు పెట్టుకుని ఊరంతా కలిసి అది ఇవ్వలేకపోయాం. ఆ మంట నాకు చల్లారడం లేదు.

వానలు వెనకబట్టాక మొన్న అటు పోయాను. మట్టి దిబ్బ కుంగి నేలతో సమానమైంది. గడ్డి మొలిచింది. ఎక్కడ పూడ్చామో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. తుమ్మకంపను మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాను. గులాబీ, చిలకాకుపచ్చ, పసుపు. ఇన్ని వానలు పడ్డా ఒక్క దాని రంగూ దిగలేదు. చెరువు మీది గాలికి చీరలన్నీ నిగనిగలాడుతూ ఎగురుతున్నాయి.