రెండో తూటా

మక్కచేనులో అడవి పంది మా మామను పొడిచిన రోజు చేనుకు సద్ది మోసుకుపోయింది నేనే. మాది నెల్లికుదురు దగ్గర చిన్న ఊరు. ఊరికి పడమట ఒక గుట్ట, గుట్ట మొదట్లో మా చేను. కంకులు పాలు పట్టే రోజులవి. ఆ వాసనకు పందులు గుట్ట దిగి వచ్చి చేనంతా పండబెట్టి పోతాయి. తినేది కొంచెం, తొక్కేది ఎక్కువ. వాటిని అదిలించడానికి మామ తెల్లవారకముందే రేకు డబ్బా, కట్టె పట్టుకొని పోయాడు. పొద్దెక్కినా ఇంటికి రాలేదు. దారిలో ఎవరో దొరికితే ముచ్చట్లలో పడ్డాడని అనుకున్నాం.

నేను పోయేసరికి డబ్బా గట్టు మీద ఉంది. మనిషి లేడు. పిలిస్తే పలకలేదు. సాళ్ల వెంబడి వెతుక్కుంటూ పోతే చేను నడుమ వెల్లకిలా పడి కనిపించాడు. ఎడమ తొడ మోకాలి దాకా చీలిపోయింది. పుండు నిండా చీమలు. కళ్లు తెరిచే ఉన్నాయి. గిన్నెలోని అంబలి నోట్లో పోస్తే సగం మెడ మీదికి కారింది. మింగి, నా మొహంలోకి చూసి ఒకటే మాట అడిగాడు.

"ఇంతసేపు ఎవ్వలు రాకపోతిరేందే బిడ్డా?"

ఏం చెప్పాలి? ఆయన కొడుకు, అంటే నా భర్త, ముందు రోజే కొడకండ్లలోని మా పుట్టింటికి పోయి ఉన్నాడు. అత్తమ్మ ఇంట్లో పెరుగు చిలుకుతూ ఉంది. సద్ది కట్టేదాకా నేను బట్టలు ఉతుకుతూ ఉన్నాను.

మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోతే అక్కడినుంచి వరంగల్ పంపారు. కాలు తీసెయ్యలేదు కానీ అది ఉన్నా లేనట్టే. నడుము కూడా దెబ్బతిన్నదని తర్వాత తెలిసింది. మామ మంచం మీద ఇంటికి వచ్చాడు. ఆ మంచం మీదే ఉండిపోయాడు.

అంతకు ముందు ఆయన మెతక మనిషి. పందులు చేను తొక్కితే కోప్పడేవాడు కాదు. "మనం గుట్ట దాకా దున్నుకపోతిమి. అవి ఏడికి పోతయి?" అని నవ్వేవాడు. పొడిచిన తర్వాత ఆ మనిషి లేడు. మంచాన్ని గుట్ట కనిపించేటట్టు తిప్పించుకున్నాడు. పగలంతా అటే చూసేవాడు. పంది దొరికితే ఏం చేస్తాడో నాకు చెప్పేవాడు. ముందు కాళ్లు విరగ్గొడతానని, కళ్లల్లో కారం పోస్తానని, అన్నం తింటూ చెప్పేవాడు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టమని కొడుకును రోజూ తిట్టేవాడు. పక్క ఊళ్లో అట్లాంటి తీగకు తగిలి నీళ్లు పెట్టబోయిన మనిషే చనిపోయాడు. మా ఆయన ఒప్పుకోలేదు.

తర్వాతి పంట కంకులు వేసేసరికి ఊళ్లో అందరి చేన్లూ పాడయ్యాయి. అప్పుడు సర్పంచ్ అడవి శాఖ అనుమతి తీసుకొని ఒక తుపాకి మనిషిని పిలిపించాడు. భూపాలపల్లి అవతల ఊరాయన. మిలిటరీలో పనిచేసి వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, కాళ్లకు తెల్ల బూట్లు. చక్కెర లేని చాయ్ తాగుతాడు. అంతకు ముందు బచ్చన్నపేట వైపు కూడా పందులను కొట్టాడట. మా ఇంటికి వచ్చి మామ కాలు చూశాడు.

"నేను తొందరపడ పెద్దాయనా. పెద్ద మగదాన్ని సూసి కొడ్త. ఒక్క తూటాకే పానం పోవాలె. పిల్లలున్న దాని జోలికి పోను," అన్నాడు.

"నన్ను తీస్కపోండ్రి. నేను సూడాలె," అన్నాడు మామ.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు నలుగురు మనుషులు ఆయనను మంచంతో సహా ఎత్తుకొని చేను దగ్గరికి తీసుకుపోయారు. గట్టు మీద మంచె వెనక దించారు. అత్తమ్మ, నేను ఆయన పక్కన నిలబడ్డాం. ఊరు సగం వచ్చింది. కొందరు ఫోన్లు చేతుల్లో పట్టుకొని ఉన్నారు. జాతరకు వచ్చినట్టే ఉంది.

మిలిటరీ ఆయన మంచె ఎక్కి కూర్చున్నాడు. పక్క తండా వాళ్లు కుక్కలను పట్టుకొని గుట్ట వైపు నుంచి చేన్లోకి దిగారు. రేకులు కొడుతూ, వాళ్ల భాషలో కేకలు వేస్తూ నడిచి వస్తుంటే మక్కలు ఊగుతున్నాయి. ముందు ఏదో నల్లగా కదిలింది. గట్టు మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారే అరిచారు. ఆ అరుపుకు పంది ఇటు రాబోయి అటు తిరిగింది. అదే క్షణంలో తుపాకి పేలింది.

పంది పడింది కానీ చావలేదు. తూటా నడుములో దిగింది. వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. ముందు కాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకుంటూ చేను దాటి పక్కనున్న ఖాళీ చెలకలోకి వచ్చింది. అక్కడ ఇక ముందుకు పోలేక ఆగింది. మనిషి గొంతులాంటి గొంతుతో అరుస్తూ ఉంది. అది ఒక పక్కకు ఒరిగినప్పుడు కింద పొదుగు కనిపించింది. పాలతో నిండి ఉంది.

మిలిటరీ ఆయన మంచె దిగి వచ్చి చూశాడు. మొహం చిన్నబోయింది.

"మీరంత గట్ల ఒర్రేసరికి తిరిగింది. మగదనుకున్న," అన్నాడు. తుపాకిలో ఇంకో తూటా పెట్టుకున్నాడు. "జరుగుండ్రి. ఇంకోటి కొట్టి ముగిస్త."

"ఆగు సారూ!" అని అరిచాడు మామ. మంచం మీద మోచేతుల మీద లేచాడు. "ఇంకోటి కొట్టకు."

"ఎందుకు పెద్దాయనా? అవస్థ పడ్తంది."

"పడనియ్యి. నేను నా కోడలు వచ్చేదాంక గిట్లనే పడున్న. నా దగ్గరికి ఎవ్వలొచ్చిండ్రు? దాన్ని పడుండనియ్యి."

"బాపూ, వద్దు. ఇగ సాలు," అన్నాడు మా ఆయన.

"నువ్వు అప్పుడేడున్నవురా?" అన్నాడు మామ.

మిలిటరీ ఆయన తుపాకి ఎత్తబోయాడు. ఊళ్లో పడుచువాళ్లు కొందరు పోయి పందికీ తుపాకికీ నడుమ నిలబడ్డారు. "ముసలాయన బాధ నీకేం ఎరుక సారూ? ఆయన మాట కానియ్యి," అన్నారు. మనుషులు అడ్డం ఉన్నప్పుడు ఆయన ఏం చేస్తాడు? తూటా తీసి జేబులో వేసుకున్నాడు. దూరంగా పోయి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాత చాలాసేపు జరిగింది చెప్పడం కష్టం. చెప్పకపోతే ఇంకా కష్టం. మంచాన్ని పందికి దగ్గరగా జరిపించుకున్నాడు మామ. అది అరుస్తుంటే "ఒర్రు, ఇంక ఒర్రు" అన్నాడు. ఒకడు మట్టిపెడ్డ విసిరాడు. ఇంకొకడు కట్టెతో చచ్చుబడ్డ కాళ్లను పొడిచి, కదలడం లేదని మిగతావాళ్లకు చూపించాడు. వాళ్లు నవ్వారు. ఒకడు నీళ్ల సీసా దాని మూతికి అందనంత దూరంలో పెట్టాడు. అది మూతి చాపింది. ఆ నవ్వుల్లో మామ నవ్వు నాకు వేరుగా వినబడింది. దవాఖాన నుంచి వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఎండ ఎక్కుతుంటే ఆకలి అన్నాడు. నేను తెచ్చిన జొన్నరొట్టె అక్కడే, దాన్ని చూస్తూనే తిన్నాడు.

పిల్లలు అప్పుడు వచ్చాయి. ఒంటి మీద చారలున్న చిన్న చిన్న పంది పిల్లలు మక్కల్లోంచి ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. ఇంతమంది మనుషులను చూసి ఆగాయి. తల్లి గొంతు మార్చి గురగురమంది. రమ్మన్నదో పొమ్మన్నదో తెలియదు. అవి ఉరికివచ్చి పొదుగు మీద పడ్డాయి. తూటా దెబ్బకు కారిన రక్తంలో తొక్కుకుంటూ పాలు తాగుతున్నాయి. కట్టె పట్టుకున్నవాడు కట్టె దించాడు.

కుక్కలు గొలుసులు తెంపుకునేటట్టు గుంజుతున్నాయి. వాటిని పట్టుకున్నవాడు మామ వైపు చూశాడు.

"ఇడువాల్నా పెద్దాయనా?"

మామ రొట్టె ముక్క మింగాడు. "ఇడువు," అన్నాడు.

కుక్కలకు ఎంతోసేపు పట్టలేదు. ఒక పిల్ల తల్లి ముందు కాళ్ల నడుమ దూరింది. తల్లి కోరలతో కుక్కను కొట్టబోయి, నడుము తిరగక బోర్లా పడింది. ఆ పిల్లను కూడా దాని మూతి ముందు నుంచే గుంజుకుపోయాయి. నేను కళ్లు మూసుకోలేదు. మామ కూడా మూసుకోలేదు.

అత్తమ్మ మామ పుండు కడిగిన మనిషి, చీము పిండిన మనిషి. మంచం దగ్గరికి పోయి వంగి మెల్లగా అడిగింది.

"నొప్పంటే ఏందో నీకు తెల్వదా?"

"తెలుసు. గందుకే," అన్నాడు మామ.

అత్తమ్మ ఆయన మొహం కొద్దిసేపు చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుంది. తండా మనిషి ఒకడి భుజం మీద గొడ్డలి ఉంటే తీసుకుంది. వాడు ఇచ్చాడో ఆమె గుంజుకుందో నేను సరిగ్గా చూడలేదు. నడుచుకుంటూ పంది దగ్గరికి పోయింది. అడ్డం నిలబడ్డ పడుచువాళ్లు ముసలమ్మను ఏమనాలో తోచక పక్కకు జరిగారు.

"ఏయ్! దాని జోలికి పోకు! అది నాది!" అని మామ అరుస్తున్నాడు.

ఆమె గొడ్డలి ఎత్తి తల మీద వేసింది. ఒక్క దెబ్బకు పోలేదు. గొడ్డలి మొద్దుబారి ఉంది, ఆమె చేతుల్లో బలం లేదు. పంది తల తిప్పి ఆమె చీర అంచును నోటితో పట్టుకుంది. ఆమె మళ్లీ వేసింది. మళ్లీ వేసింది. అది కదలకుండా అయిన తర్వాత కూడా ఇంకో దెబ్బ వేసింది. అప్పుడు గొడ్డలి అక్కడే వదిలేసి, పంది పళ్లలోంచి చీర అంచు విడిపించుకొని, ఎవరినీ చూడకుండా ఇంటి దారి పట్టింది. ఆమె వెనక మామ ఏడుస్తున్నాడు. కళ్లముందున్నది గుంజుకుపోతే పసిపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చాడు.

సాయంత్రం అడవి శాఖ మనిషి వచ్చాడు. చచ్చిన పందిని తినకూడదు. వాళ్ల ముందే పూడ్చిపెట్టాలి. అతను తల వైపు చూసి, "గిదేంది? తుపాకితోటి కాదా?" అన్నాడు. "తుపాకే సారూ," అన్నాడు సర్పంచ్. గుంత తవ్వి, పిల్లల ముక్కలు కూడా ఏరి అందులో వేసి, కిరోసిన్ పోసి మట్టి కప్పారు. మిలిటరీ ఆయన మా ఇంట్లో చాయ్ తాగలేదు. గడప బయటే నిలబడి, "అమ్మా, ఇగ ఈ ఊరికి నన్ను పిలువకుండ్రి," అని అత్తమ్మకు చెప్పి వెళ్లిపోయాడు.

నెల తిరగకముందే పందులు మళ్లీ దిగాయి. మగది వాటితోనే ఉందని అడుగులు చూసినవాళ్లు చెప్పారు. ఆ ఏడు మాకు చేతికి వచ్చిన మక్కలు కోళ్లకే సరిపోయాయి. తర్వాత పత్తి వేశాం. ఎవడో తీసిన వీడియో మా ఆయన ఫోనుకు వచ్చింది. మామ దాన్ని పెట్టించుకొని చూసేవాడు. అత్తమ్మ గొడ్డలి అందుకునే దగ్గర ఆపమనేవాడు. వంటింట్లో అత్తమ్మకు ఆ అరుపులు వినబడేవి. ఆమె పొయ్యి ముందు నుంచి లేచేది కాదు.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటలు లేవు. ఆమె అన్నం పెడుతుంది, ఆయన తింటాడు. ఏదైనా కావాలంటే నాతో చెబుతాడు. చలికాలంలో ఆయన వీపు కింద పుండ్లు లేచాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పక్కకు తిప్పి కడగాలి. ఆ పని అత్తమ్మదే. నేను గిన్నెలో వేడినీళ్లు పట్టుకొని పక్కన నిలబడతాను. ఒక రోజు పుండు పగిలింది. ఆమె భుజం కింద చేయి పెట్టగానే మామ పళ్లు బిగబట్టాడు. ఎన్నో నెలల తర్వాత ఆమెతో మొదటిసారి మాట్లాడాడు.

"జర మెల్లగ తిప్పు. పానం పోతంది."

ఆమె చేయి ఆగింది. ఆయన మొహం వైపు చూసింది. తర్వాత తిప్పింది. మెల్లగా తిప్పలేదు. ఆయన అరిచాడు. తడిగుడ్డ కోసం ఆమె నా వైపు చేయి చాచింది.