కనుమ దిగేటప్పుడు వెనక పట్టిన చెయ్యి

దయ్యమంటే నాకు నవ్వు. ఎవరికన్నా దయ్యం పట్టిందని చెబితే, ముందు ఆ మనిషి అన్నం తిన్నాడా లేదా అని అడిగేవాణ్ణి. మా మల్బరీ తోట శ్మశానం పక్కనే. చీకట్లో నీళ్ళు కట్టినాను, అక్కడే పడుకున్నాను. దోమలు తప్ప నన్ను ఏదీ పట్టలేదు.

నన్ను నమ్మమని ఇది రాయడం లేదు. నలభై దాటినాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. లేనిది కల్పించి రాసేంత చదువు నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు ఏదైనా తోస్తే సరే, తోచకపోయినా సరే.

మా ఊరు పెనుకొండకు పడమర, కొండల వెనక. హిందూపురం బస్సు దొరికే రోడ్డుకు చేరాలంటే అప్పట్లో రెండు దారులు. ఒకటి వంక వెంబడి పోయే చుట్టుదారి. వాన పడితే వంక పారుతుంది, ఇక ఆ దారి లేనట్టే. రెండోది నక్కల కనుమ. మా ఊరి వైపు ఎక్కుడు, రోడ్డు వైపు దిగుడు. ఎక్కడం ఎట్లో ఎక్కుతాము. దిగడమే కష్టం. కాలు పెడితే జారే గులకరాళ్ళు, సగం దిగినాక ఒక మలుపు, ఆ మలుపు పక్కన గుంత.

తొంభైలలో మా ఊళ్ళో ఇంటింటా పట్టుపురుగులే. పురుగులు గూళ్ళు కట్టినాక వాటిని హిందూపురం మార్కెట్టుకు చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చించుకొని బయటికి వస్తుంది. మూట నలిగితే పురుగు చితికి గూటికి మరక పడుతుంది. రెండింటికీ ధర రాదు. అందుకని ఆ మూటలను కోడిగుడ్ల గంప మాదిరి మోయాలి. ఊళ్ళో అందరి గూళ్ళూ కనుమ దాటించి బస్సుకెక్కించే పని నాది. నా సైకిలుకు వెనక వెదురు బద్దల చట్రం కట్టించి, దాని మీద మూటలు వేసేవాణ్ణి.

కనుమలో సైకిలెక్కి తొక్కేది లేదు. ఎక్కేటప్పుడు తోయాలి, దిగేటప్పుడు ఆపాలి. ముందు నేను హ్యాండిలు పట్టుకొని నడిచేవాణ్ణి. వెనక నా పెండ్లాము ఓబుళమ్మ. ఎక్కుడులో మూటలకు చేతులానించి తోసేది. దిగుడులో, తన పాత చీర చించి పేనిన గుడ్డను చట్రానికి కట్టి, రెండో కొస చేతులకు చుట్టుకొని, మడమలు తన్నిపట్టి వెనక్కి వాలేది. బ్రేకులు పేరుకే. నిజంగా ఆపేది ఆమే.

మలుపు దగ్గరికి వస్తూనే ఆ గుడ్డను రెండుసార్లు గుంజేది. నిదానం, మలుపు వచ్చింది అని దానికర్థం. నేను వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగితే హ్యాండిలు కూడా తిరుగుతుంది, మూటలతో సహా గుంతలో పడతాము. మొదట్లో తెలియక ఒకసారి తిరిగితే గట్టిగా తిట్టింది.

"ముందుకు చూడప్పా. నా మొగము ఇంటికి పోయినాక చూద్దువులే."

సాయంత్రం ఇంట్లో చేతులకు ఆముదం రాసుకుంటూ కూర్చునేది. గుడ్డ ఒరుసుకొని అరచేతులు కందిపోయి ఉండేవి. కనుమకు రోడ్డు వేస్తారని ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా అనేవాళ్ళు. ఆ మాట ఎత్తితే నవ్వేది.

"రోడ్డు పడేదాకా ఈ గుడ్డ పడతా. ఆపైన నీ సైకిలు నీది, నా చేతులు నావి."

ఒక ఏడు వానలు మొదలైనాక ఆమెకు కామెర్లు వచ్చినాయి. ఆకుమందు తాపించినాము. తగ్గలేదు. కండ్లు పసుపు ముద్దలైనాయి. ఆసుపత్రికి తీసుకుపోదామంటే వంక పారుతోంది. చట్రం మీద బొంత పరిచి, ఆమెను సైకిలు మీదే కూర్చోబెట్టి కనుమ ఎక్కినాము. వెనక గుడ్డ పట్టింది ఆమె తమ్ముడు నారాయణప్ప.

దిగుడు మొదలయ్యే చోట ఆమె తమ్ముడితో అనింది, "ఈ పొద్దు నేనే మూటనైతిని. ఒరే నారాయణా, సరిగ్గా పట్టు. నలిగితే ధర పలకను."

వాడు నవ్వలేక నవ్వినాడు. "నీకెవరు ధర కడతారక్కా. నోరు చూసి వాపసు పంపిస్తారు."

వాపసు పంపించలేదు. హిందూపురం ఆసుపత్రిలోనే పోయింది. శవాన్ని తెచ్చేసరికి వంక తగ్గింది కాబట్టి జీపులో చుట్టుదారిన తెచ్చినాము. అంటే ఆమె ఆ కనుమ దిగింది గానీ, మళ్ళీ ఎక్కి ఇంటికి రాలేదు. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. చాలా కాలం తర్వాత తట్టింది.

దినాలైనాక కొన్నాళ్ళు పని చేయలేదు. ఊళ్ళోవాళ్ళ గూళ్ళు పండినాయి. ఎంతకాలమని ఆగుతారు. మూటలు సగానికి తగ్గించి ఒక్కణ్ణే బయలుదేరినాను. ఆమె గుడ్డ చట్రానికి ఇంకా అట్లే కట్టి ఉంది. విప్పబుద్ధి కాలేదు. చుట్టి మూటల కింద దోపినాను.

దిగుడులో నాలుగు అడుగులు వేసినానో లేదో, సైకిలు నన్ను లాక్కుపోవడం మొదలుపెట్టింది. బ్రేకు నొక్కినా ఆగలేదు. పడతాననుకున్నాను. అంతలో వెనకనుంచి ఎవరో పట్టినట్టు బరువు ఆగింది. ఒక్క కుదుపుతో కాదు. మెల్లగా, వెనక్కి వాలి పట్టినట్టు. నాకు బాగా తెలిసిన పట్టు అది.

గుడ్డ జారి ఏ ముండ్లకంపకో తగులుకుందనుకున్నాను. అయితే తగులుకున్న గుడ్డ సైకిలును నిలబెట్టాలి కదా. సైకిలు నిలబడలేదు. నేను అడుగు వేస్తే కదిలింది, అడుగు ఆపితే ఆగింది. మలుపు దగ్గర గుడ్డ రెండుసార్లు గుంజుకుంది.

తిరిగి చూడలేదు. చూస్తే మూటలు పోతాయి. నిజంగా నేను అనుకున్నది అదే, మూటల గురించే. కింద రోడ్డు చేరి సైకిలుకు స్టాండు వేసి చూస్తే, దోపిన గుడ్డ ఊడి మట్టిలో పొడుగ్గా పడి ఉంది. దిగుడంతా ఖాళీ.

బ్రేకు రబ్బరు చక్రానికి ఒరుసుకుంటోందేమోనని పెనుకొండలో సైకిలు షాపుకు తీసుకుపోయినాను. మెకానిక్కు చక్రం ఎత్తి తిప్పినాడు. అది తిరుగుతానే ఉంది.

"ఏమప్పా, నీ బ్రేకులు పట్టేస్తాండాయని వస్తివే. ఈడ పట్టేదానికి రబ్బరు యాడుంది? దీంతో కనుమ దిగి వస్తాండావా నువ్వు?"

కొత్త రబ్బర్లు వేయించుకోకుండా వచ్చేసినాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇంకోసారి గుడ్డ విప్పి ఇంట్లో పెట్టి పోయినాను, పరీక్షకు. ఆ రోజు ఎవరూ పట్టలేదు. సైకిలు నన్ను ఈడ్చుకుపోయి బండకు కొట్టుకుంది, మోకాలు చీలింది. ఇంటికొచ్చి గుడ్డ మళ్ళీ కట్టినాను. కట్టినాక ప్రతిసారీ పట్టు ఉంది. మెల్లగా మూటలు పెంచినాను, ఆమె ఉన్నప్పుడు వేసినన్ని వేసినాను.

ఆ తర్వాత ఆ దిగుడు కోసమే పనికి పోయేవాణ్ణి. దిగుతూ మాట్లాడేవాణ్ణి. గొర్రె ఈనిందని, వక్క ధర పెరిగిందని, ఇట్లాంటివే. బదులు ఎప్పుడూ రాలేదు. మలుపు దగ్గర రెండు గుంజులు, అంతే. మా కూతురు ధర్మవరంలో ఉంటుంది, అల్లుడు మగ్గం నేస్తాడు. "నాయనా, ఇంగ సాలు, ఆ సైకిలు అమ్మేసి మా ఇంటికి రా" అని వచ్చినప్పుడల్లా ఏడ్చేది. వస్తాలే అనేవాణ్ణి. కనుమ వదిలి ఎట్లా పోయేది? దానికి కారణం కూతురికి ఎట్లా చెప్పేది?

నేను నాలో నేనే మాట్లాడుకుంటున్నానని ఊళ్ళో అనుకున్నారు. నారాయణప్ప చెవిలో పడింది. ఒక పొద్దున నాతో బయలుదేరినాడు.

"పిచ్చి పట్టినోనికి గూళ్ళు ఎవురు ఇస్తారు బావా? నేను వెనకాల వస్తా. నువ్వు ఎవురితో సరసాలాడతాండావో చూడాల."

ఎక్కుడంతా వాడి నోరు ఆగలేదు. దిగుడు మొదలైనాక ఆగిపోయింది. బీడీ దగ్గు కూడా వినపడలేదు. వాడు గుడ్డ పట్టుకున్నాడేమో అనుకున్నాను. కింద రోడ్డు చేరేవరకూ నాకు అదే అనుమానం.

సైకిలు నిలబెట్టి చూస్తే వాడు చాలా వెనక, మలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మెల్లగా దిగి వచ్చి రాయి మీద కూర్చున్నాడు.

"గుడ్డ బిగుసుకొని ఉండాది బావా. గాల్లో. కొసన ఎవురూ లేరు."

నేను గుడ్డను చుట్టి మూటల కింద దోపినాను.

"నువ్వు ఎప్పుడన్నా తిరిగి చూసినావా?"

"లేదు."

"చూడొద్దులే," అన్నాడు. తువ్వాలుతో మొగం తుడుచుకొని, కనుమ వైపు తిరిగి "అక్కా" అని ఒక్కసారి పిలిచినాడు. పిలిచి, బదులు కోసం ఆగకుండా రోడ్డు మీద నడిచిపోయినాడు. ఆపైన వాడు ఆ దారిన రాలేదు. ఎవరితోనూ చెప్పలేదు కూడా. ఎగతాళి లేకుండా ఒక్క మాట మాట్లాడనివాడు, ఈ ఒక్కదాన్నీ నోట్లోనే పెట్టుకొని పోయిన ఏడు చచ్చిపోయినాడు. నాకున్న సాక్ష్యం వాడొక్కడే.

రెండువేలు దాటి కొన్నేళ్ళకు రోడ్డు నిజంగానే వచ్చింది. పాత దిగుడును వదిలి, పక్కన కొండను తెగ్గొట్టి తారు వేసినారు. ఊరంతా పోయి మిషనుకు టెంకాయ కొట్టినారు. నేనూ ఒకటి కొట్టినాను. ఆ పొద్దు నుంచి గూళ్ళు ఆటోల్లో పోయినాయి. నాకు పని లేదు.

పాత దారి అక్కడే ఉంది. పోవచ్చు. నేను పోలేదు. పోయి, లేదని తెలుసుకునేదానికంటే పోకుండా ఉండడమే మేలనుకున్నాను. సైకిలు గోడకు ఆనించి అట్లే పెట్టినాను, గుడ్డతో సహా.

కొన్నేళ్ళకు బెంగళూరు నుంచి పిల్లలు వచ్చినారు, ఆడా మగా కలిసి ఒక గుంపు. లావు టైర్ల గేరు సైకిళ్ళు, తలకు హెల్మెట్లు. తారురోడ్డు వాళ్ళకు వద్దంట, కొండదారులే కావాలంట. లేపాక్షి చూసుకొని వస్తూ, ఇక్కడ పాత కనుమ ఉందని ఎవరో చెబితే మా ఊళ్ళోకి వచ్చినారు. దారి చూపించమని నన్ను అడిగినారు.

నాకు ఏమి తోచిందో నా సైకిలు తీసినాను. "మీ సంచులన్నీ దీని మీద వెయ్యండి" అన్నాను.

వాళ్ళలో ఒక హిందూపురం అమ్మాయి ఉంది, బెంగళూరులో ఉద్యోగం. ఆ గుడ్డను పట్టుకొని చూసింది. "ఇదేంది తాతా?"

"బ్రేకు."

"మా బ్రేకులు ఒక్క వేలితో నొక్కితే సాలు, నిలబడిపోతాయి. కావాలంటే నా సైకిలు ఇస్తా."

"నాది ఇంకా మంచిది" అన్నాను. అందరూ నవ్వినారు.

కనుమ మీద ఆగినాము. గడ్డి బాగా మొలిచింది. మలుపు ఎక్కడుందో చెప్పి వాళ్ళను ముందు పంపించినాను. గులకరాళ్ళు ఎగురుతుంటే అరుచుకుంటూ దిగిపోయినారు. మాకు అంత భయమైన దారి వాళ్ళకు ఆట. అందరూ పోయినాక గుడ్డ కొస వెనక్కి వదిలి, హ్యాండిలు పట్టుకొని అడుగు వేసినాను.

సైకిలు లాగింది. బ్రేకు నొక్కలేదు. ఎప్పటిమాదిరే పట్టు వస్తుందని చూసినాను. ఇంకో అడుగు. ఇంకో అడుగు. పరుగైంది. మలుపు కనబడింది. గుంజు కోసం చూసినాను. రాలేదు.

అప్పుడు తిరిగి చూసినాను. ఆమె పోయినాక అదే మొదటిసారి. గుడ్డ రాళ్ళ మీద ఊరికే పాకుతూ వస్తోంది. అంతే ఉంది అక్కడ.

సైకిలు గుంతలోకి పోయింది. నేను గట్టు మీద పడ్డాను. భుజం ఎముక విరిగింది. కింద నుంచి ఆ అమ్మాయి ఉరికొచ్చి నన్ను లేపి కూర్చోబెట్టింది.

"బ్రేకు ఎందుకు పట్టుకోలేదు తాతా?"

"పట్టుకుంటాది అనుకుంటిని" అన్నాను.

సైకిలును అన్నాననుకుని ఊరుకుంది పాపం.

భుజం అతుక్కున్నాక ధర్మవరం వచ్చేసినాను. ఇక అక్కడ ఉండే పని లేకపోయింది. సైకిలు గుంతలోనే తుప్పు పట్టి ఉంటుంది. గుడ్డ మాత్రం ఆ అమ్మాయి విప్పి తెచ్చి, నా భుజానికి కట్టుగా కట్టింది. ఇప్పుడది నా తలగడ కింద ఉంది.

గుడ్డ గాలికి బిగుసుకుందని మా అల్లుడంటాడు. ముసలి మెదడని డాక్టరంటాడు. గాలి మలుపు దగ్గర రెండుసార్లే ఎందుకు గుంజుతుందో, నారాయణప్ప మెదడు నా మెదడు ఒకటే ఎట్లా అవుతుందో వాళ్ళు చెప్పరు. నేనూ చెప్పలేను. దయ్యముందని ఇప్పటికీ అనను. ఆమెను దయ్యమనేదానికి నాకు నోరు రాదు.

రోడ్డు పడేదాకా పడతానంది. రోడ్డు పడింది. అరచేతులు మానినాయో లేదో.