సాయంత్రం నాలుగు దాటితే

బావగారి మాసికం అయిన మర్నాడు హైదరాబాదు నుంచి మేనల్లుడు మెసేజీ పెట్టేడు. షెల్ స్క్రిప్టునీ పైథాన్‌నీ ఒకే ఫైల్లో కలిపి రాసుకునే కొత్త టూలొకటి వచ్చిందట, ఆఫీసులో పాత స్క్రిప్టులన్నీ అందులోకి మార్చమంటున్నారట, నువ్వేమంటావు మావయ్యా అని అడిగేడు.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో అమలాపురంలో కంప్యూటర్ సెంటరంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే చోటు. అలాంటిదొకటి మా అక్క భర్త, అంటే బావగారు నడిపేవారు, నేను అందులో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆయన ఊరికోసం చేసే పని ఒకటుండేది. రక్తం ఇస్తామన్నవాళ్ళ పేర్లు, గ్రూపులు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు (సగం మందివి పక్కింటివాళ్ళ నంబర్లే) యూనిక్స్ మెషిన్లో ఎక్కించి, గ్రూపు కొడితే ముందుగా ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ క్రమంలో కాగితం వచ్చేలా షెల్ స్క్రిప్టు రాసుకున్నారు.

ఒక పత్రికతో వచ్చిన సీడీలో నాకు ఇలాంటి టూలే దొరికింది. షెల్‌లోనే పెర్ల్ అనే ఇంకో భాష కలిపి రాయొచ్చు. బావగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "పాతది ఏం చెయ్యట్లేదనయ్యా ఇది?" అన్నారు. లైన్లు తగ్గుతాయన్నాను. "ఆగిపోతే ఈ సగాన్నడగాలా, ఆ సగాన్నడగాలా?" అన్నారు మళ్ళీ. కాఫీ తెచ్చిన అక్క నవ్వి, "ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు వంటవాళ్ళన్నమాట. పులుసులో ఉప్పెవరు వేశారో తేలదు," అంది. అప్పటికి అక్కకి ఏడో నెల.

ఆయన వద్దనలేదు. అరవై లైన్ల స్క్రిప్టుని ఇరవైకి తెచ్చేను. పాతదాంట్లో కొన్ని గోదావరి లంకల పేర్లూ, పదహారు అన్న అంకే ఉన్న లైనొకటి ఎందుకో అర్థం కాలేదు. ఎప్పటిదో మిగిలిపోయిందనుకుని తీసేసేను. ఆయన పక్కగదిలోనే ఉన్నారు. అడగలేదు.

అక్కకి పురుడు కష్టమైన రోజున, సాయంత్రం అయిదింటికి ఓ నెగిటివ్ గ్రూపు కాగితం తీసింది నేనే. మొదటి పేరుకి ఫోన్ చేస్తే, "ఆయ్, ఇప్పుడే బయల్దేరుతున్నానండీ," అన్నాడాయన. కాగితం మీద నమ్మకంతో ఇంకెవరికీ చెయ్యకుండా ఆసుపత్రి గుమ్మంలో కూర్చున్నాను. ఆయనది లంక. రేవుకి వచ్చేసరికి ఆఖరి పడవ వెళ్ళిపోయింది. తెల్లారి మొదటి పడవలో, బురద కాళ్ళతో, చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చేడు. పిల్లాడొక్కడే దక్కేడు. నాలుగో పేరుగలాయన ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే.

పాత స్క్రిప్టులో ఆ లైను, సాయంత్రం నాలుగు (మెషిన్ గడియారంలో పదహారు) దాటితే లంకలవాళ్ళని కాగితం అడుగుకి దించేది. రక్తం సమయానికి అందినా చెప్పలేమనే అన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకెందుకూ పనికిరాలేదు.

పన్నెండో రోజు వెళ్ళాక బావగారు సెంటరు తలుపు తీసి, నా ఫైలు తెరిచి, ఆ లైను మళ్ళీ టైపు చేసేరు. పక్కన ఎందుకో కూడా రాసేరు: నాలుగు దాటితే పడవ అందదు. లేచి వెళ్ళి క్లాసు తీసుకున్నారు. ఆ రోజు గాని, ఆ తరవాత ఇన్నేళ్ళలో గాని నన్ను ఒక్క మాట అడగలేదు. పిల్లాణ్ణి, అంటే ఈ మేనల్లుణ్ణి, మాత్రం నా చేతుల్లోనే పెట్టి పెంచేరు.

ఇప్పుడు ఆ లంకకి వంతెన పడింది, మొన్న మాసికానికి వెళ్తూ దాని మీదనుంచే వెళ్ళేను. రేవులో పడవలు లేవు. ఆ లైనుతో ఇక ఎవరికీ పని లేదు, అదెందుకు ఉండేదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలేను. అర్థంకాని లైను తీసేసేముందు రాసినవాళ్ళని అడగమని మేనల్లుడికి రాసేను. వెంటనే జవాబొచ్చింది: "నీకెప్పుడైనా అలా అయ్యిందా మావయ్యా?"

మూడు రోజులైంది. ఇంకా ఏమీ రాయలేదు.